ముందుగదిలో రెండు బ్రాకెట్లు

నేను ఒకచోట కుదురుగా కూర్చోలేను. అది నా తప్పు కాదు, నా కాళ్ళ తప్పు. పార్సిలు ఆఫీసులో ఇరవై రెండేళ్ళుగా మూటల మధ్య అటూ ఇటూ తిరిగి తిరిగి వాటికి అదే అలవాటైపోయింది. ఇదిగో, మీతో మాట్లాడుతున్నా కుడికాలు ఊగుతూనే ఉంది చూడండి. మీరేం పట్టించుకోకండి. "అంత ఊపే కాలు నా కుట్టుమిషను మీద పెట్టరాదూ, ఊళ్ళో పరదాలన్నీ కుట్టేద్దును" అంటుంది మా ఆవిడ.

మా ఆవిడ దర్జీ. పరదాలు, దుప్పట్లు, దిండు గలేబులు కుడుతుంది. మెడలో ఎప్పుడూ కొలతల టేపు వేలాడుతూ ఉంటుంది. మనిషిని చూస్తే కొలుస్తుంది, గదిని చూస్తే కొలుస్తుంది. నేను ఏదైనా గొప్పలు చెబితే అప్పుడు కూడా చెయ్యి టేపు మీదికే పోతుంది.

మాది మూడు గదుల ఇల్లు. వెనకగదిలో మిషనూ గుడ్డలూ ఉంటాయి. వంటగదిలో ఇద్దరు నిలబడితే మూడోవాళ్ళు ఊపిరి బిగబట్టాలి. ఇక ముందుగది ఒక్కటే నాకు మిగిలిన రాజ్యం. సాయంత్రం ఆరింటికి ఇంటికొచ్చి, గుమ్మం దగ్గర మొదలుపెట్టి వీధి కిటికీ దాకా, అక్కణ్ణించి మళ్ళీ గుమ్మం దాకా ఓ గంటన్నర తిరిగితే తప్ప నాకు అన్నం సహించదు.

అలాంటి రాజ్యం మీదికి ఒక మాస్టారు దండెత్తి వచ్చాడు.

మా అమ్మాయి ఎనిమిదో తరగతి. లెక్కల్లో వెనకబడిందని మా ఆవిడ ట్యూషను పెట్టించింది. ఆ మాస్టారికి నేను పెట్టుకున్న పేరు నిశ్శబ్దం మాస్టారు. సరిగ్గా ఆరింటికి వస్తాడు. కిటికీ మూస్తాడు. నా కుర్చీలో కూర్చుంటాడు. ఇంట్లో చీమ నడిచినా చూపుడువేలు పైకెత్తి, "ఎవరో నడుస్తున్నారు" అంటాడు. ఆ ఎవరో నేనేనని ఆయనకి తెలుసు. తెలిసే అంటాడు.

దాంతో రోజూ ఆరు నుంచి ఏడున్నర దాకా నేను వంటగదిలో ఒంటికాలి మీద నిలబడాల్సి వచ్చేది. మూడు వారాలు ఓర్చుకున్నాను. నాలుగో వారం నా కాళ్ళు ఎదురుతిరిగాయి.

శనివారం సాయంత్రం వీధి మొగలోనే మాస్టారిని పట్టుకున్నాను.

"మాస్టారూ, ఓ వారం రోజులు మీరు రావద్దండీ. ముందుగదిలో నేల పని మొదలుపెట్టాం."

"అమ్మాయికి శుక్రవారం పరీక్ష ఉంది కదండీ?"

"ఉందండీ. కానీ నేల ఆగేలా లేదు."

ఆయన ఏమీ మాట్లాడకుండా వెనక్కి తిరిగి వెళ్ళిపోయాడు. ఆయన నిశ్శబ్దం నాకు నచ్చింది ఆ ఒక్కసారే. ఇంటికొచ్చి గుమ్మం నుంచి కిటికీ దాకా పదిసార్లు తిరిగి, ఆ ఊపులో వెనకగదిలోకి వెళ్ళాను.

"ఈ వారం మాస్టారు రారు. నేనే చెప్తాను."

"ఏం చెప్తారు?"

"లెక్కలు."

"ఎవరికి?"

"అమ్మాయికి."

"ఎవరు?"

"నేను."

మిషను ఆగింది. మా ఆవిడ మిషను రెండు సందర్భాల్లోనే ఆగుతుంది, దారం తెగినప్పుడు, నేను తెగించినప్పుడు.

"మీకు లెక్కలొచ్చా?"

"బీజగణితం నా నాలిక చివర ఉంటుంది."

"అక్కడే ఉండనివ్వండి. పిల్ల నోట్సులోకి దించకండి."

"నువ్వెప్పుడూ ఇంతే. నా మీద నీకు నమ్మకం లేదు."

"శుక్రవారం పరీక్ష తప్పితే సెలవులన్నీ బడిలో కూర్చోబెడతామన్నారు. సముద్రం చూడ్డానికి వాళ్ళ పిన్ని దగ్గరికి పోవాలని అది నెల రోజులుగా బ్యాగు సర్దుకుని పెట్టుకుంది. రోజూ తీసి మళ్ళీ మడతపెడుతోంది. మీరేం చేసినా అది గుర్తుపెట్టుకుని చెయ్యండి."

"గుర్తుంది. పాసు చేయించే పూచీ నాది" అన్నాను. అనడానికి నాకెప్పుడూ ఎక్కువసేపు పట్టదు.

ఆదివారం పాఠం మొదలైంది. పుస్తకం తెరిస్తే రెండు బ్రాకెట్లు పక్కపక్కన నిలబడి ఉన్నాయి. ఒకదాంట్లో ఎక్స్ ప్లస్ మూడు, రెండోదాంట్లో ఎక్స్ ప్లస్ ఐదు. వీటిని గుణించాలట. పైన 'ద్విపదుల గుణకారం' అని రాసి ఉంది. మీ దగ్గర దాపరికం ఎందుకు, ఈ పాఠం చెప్పిన రోజు నేను క్లాసులో లేను. కుదురుగా కూర్చోనందుకు బయట నిలబెట్టారు.

కానీ అమ్మాయి పెన్సిలు పట్టుకుని నా మొహంలోకే చూస్తోంది. అలా చూస్తుంటే తెలీదని ఎలా అంటాం? గబగబా రెండుసార్లు గది కొలిచాను. కిటికీ దగ్గర బుర్ర వెలిగింది.

"చూడమ్మా, మా పార్సిలు ఆఫీసులో రెండు వరుసలుంటాయి. పుచ్చుకునేవాళ్ళదొకటి, ఇచ్చేవాళ్ళదొకటి. ముందున్నవాడు ముందున్నవాడితో తేల్చుకుంటాడు. వెనకున్నవాడు వెనకున్నవాడితో తేల్చుకుంటాడు. మధ్యలో అడ్డంగా దూరితే నేనూరుకోను. ఇదీ అంతే. బ్రాకెట్టంటే వరుస. ముందు ఎక్సూ ముందు ఎక్సూ కలిస్తే ఎక్స్ స్క్వేరు. వెనక మూడూ వెనక ఐదూ కలిస్తే పదిహేను. ఎక్స్ స్క్వేర్ ప్లస్ పదిహేను. అయిపోయింది."

"మాస్టారు నాలుగుసార్లు గుణించాలన్నారు నాన్నా."

"నాలుగుసార్లా? ఎందుకట?"

"అడిగాను. మాట్లాడొద్దన్నారు."

"అదీ సంగతి. ఆయనకే తెలీదు. సాగదీస్తున్నాడు."

అమ్మాయి మొహం విప్పారింది. ఇరవై లెక్కలు పావుగంటలో టకటకా చేసిపారేసింది. మాస్టారి దగ్గరైతే గంటన్నరలో ఆరు కూడా తెమిలేవి కావు. పుస్తకం మూసి, "నాన్నా, నువ్వు మాస్టారి కంటే బాగా చెప్తున్నావు" అంది.

నిజం చెప్పనా, ఆ మాటకి నా కాలు ఊగడం ఆగిపోయింది. ఓ అర నిమిషం పాటు నేను మామూలు మనిషిలా నిలబడ్డాను. ఇన్నేళ్ళలో మా ఇంట్లో నన్నెవరూ బాగా చేస్తున్నావని అనలేదు. గుండె నిండిపోయింది.

చూద్దును కదా, గుమ్మంలో మా ఆవిడ. చెయ్యి టేపు మీద ఉంది.

"జవాబు ఎక్స్ స్క్వేర్ ప్లస్ పదిహేనా?"

"అవును."

"అంతేనా? ఇంకేం మిగల్లేదా?"

"మిగలడానికి అదేమన్నా నీ గుడ్డముక్కా?"

"అదే చూస్తున్నాను" అంది. అమ్మాయి మొహం చూసింది, నా మొహం చూసింది, ఇంకేదో అనబోయి మానేసి లోపలికి వెళ్ళింది. నేను గెలిచాననుకున్నాను. పెళ్ళయి పదిహేనేళ్ళయినా మా ఆవిడ మాట్లాడకుండా లోపలికి వెళ్ళడమంటే ఏమిటో నాకింకా అర్థం కాలేదు.

సోమవారం పొద్దున్నే అర్థమవడం మొదలైంది.

"మాస్టారు కనిపించారు. నేల పని ఎంతవరకూ వచ్చిందని అడిగారు" అంది, టిఫిను పళ్ళెం నా ముందు పెడుతూ.

"నువ్వేమన్నావు?"

"జరుగుతోందన్నాను. మా ఆయన అబద్ధమాడరు కదా మరి."

"మంచి పని చేశావు."

"శుక్రవారం సాయంత్రం వచ్చి చూస్తానన్నారు."

"చూడ్డానికి ఏముంది?"

"నా బాధా అదే. ఏమీ లేదు."

ఆ తర్వాత ఆవిడే ఉపాయం చెప్పింది. ముందుగదిలో పాత మ్యాటు ఎలాగూ చిరిగి పీలికలైంది. దాని మీద తిరిగింది నేను కాబట్టి ఆ పాపం కూడా నాదే. నేల మొత్తానికి కొత్త ఫ్లోర్ మ్యాటు తెచ్చి పరిచేస్తే, నేల పని చేసినట్టూ ఉంటుంది, నా మాటా దక్కుతుంది. ఇంత మంచి మనిషినా నేను ఇన్నాళ్ళూ అనుమానించింది అనిపించింది.

ఆవిడే కొలిచి కాగితం మీద రాసిచ్చింది. మా ముందుగది మొదట్లో చిన్నది. పొడవు పదడుగులు. ఆ మధ్య ఇంటాయన వరండా గోడ తీసేస్తే ఇంకో మూడు కలిసింది. వెడల్పు ఎనిమిది. గోడ అలమారా కొట్టేస్తే ఇంకో రెండు కలిసింది. కాగితం మీద కూడా అచ్చం అలాగే రాసింది, ఒక బ్రాకెట్టులో పది ప్లస్ మూడు, పక్క బ్రాకెట్టులో ఎనిమిది ప్లస్ రెండు.

"మీ వరుసల లెక్కలోనే వేసుకోండి. పిల్లని కూడా షాపుకి తీసుకెళ్తే చూసి నేర్చుకుంటుంది. ఇవాళే తెండి."

"తెస్తాలే."

సోమవారం తేలేదు. ఆఫీసులో నా పద్ధతి గురించి చెబుతూ ఆలస్యమైపోయింది. మంగళవారం పొద్దున "ఇవాళైనా తెస్తారా?" అంది. తెస్తానన్నాను. తేలేదు. ఆ సాయంత్రం అమ్మాయి చేత ఇంకో ముప్ఫై లెక్కలు చేయించాను. లోపల మిషను నాలుగుసార్లు ఆగింది. పాపం, దారం మంచిది కాదనుకున్నాను.

బుధవారం అమ్మాయి బడి నుంచి చీటీ తెచ్చింది. లెక్కల టీచరమ్మ నోట్సు చూసి పంపించారట.

"ఏమన్నారమ్మా?"

"ఏమీ అనలేదు. చాలాసేపు నవ్వారు నాన్నా."

"సంతోషంతో నవ్వుంటారు."

చీటీలో ఇలా ఉంది. 'ఈ పద్ధతి నేనెక్కడా చూడలేదు. ఎవరు చెప్పారో వారిని ఒకసారి కలవాలని ఉంది.'

మర్నాడు ఆ చీటీ పార్సిలు ఆఫీసంతా తిప్పాను. మా పెద్దగుమస్తా రెండుసార్లు చదివి కళ్ళజోడు తీసేసి నా వైపు అదోలా చూశాడు. అసూయ అనుకున్నాను. కడపటికి మా ఆవిడకి చూపిస్తే, ఆవిడ చీటీ పూర్తిగా చదవనే లేదు. చేతిలో గుడ్డ కింద పడేసింది.

"ఇవాళ గురువారం. ఇప్పుడే, ఈ క్షణమే పిల్లని తీసుకుని షాపుకి వెళ్ళండి."

"టీ తాగి..."

"మ్యాటు తెచ్చాక తాగుదురుగాని."

మ్యాటు మీద ఇంత మోజేమిటో అనుకుంటూ బయల్దేరాను.

మ్యాట్ల షాపాయన చేతిలో ఎప్పుడూ పెద్ద కత్తెర ఉంటుంది. నన్ను చూడగానే, అప్పటిదాకా నాకోసమే కూర్చున్నట్టు లేచి నిలబడ్డాడు.

"గది ఎంత సార్?"

"అది నేను లెక్కవేసి చెప్తాను. అమ్మా, చూస్తున్నావా? చదువుకున్నది ఇలాంటి చోటే అక్కరకొచ్చేది. ఇది ముందు, ఇది ముందు. పదెనిమిదులెంత?"

"ఎనభై."

"వెనకా వెనకా. మూడు రెళ్ళు?"

"ఆరు."

"అంతే. ఎనభై ఆరు చదరపుటడుగులు. ఏమండీ, పది బై ఎనిమిది ముక్కొకటి, మూడు బై రెండు ముక్కొకటి కొయ్యండి."

షాపాయన అమ్మాయిని చూశాడు, నన్ను చూశాడు. "అంతేనా సార్? ఖాయమా? కోసింది వెనక్కి తీసుకోం."

"లెక్కంటే లెక్కే."

"అలాగే సార్" అని తల వంచుకుని కొయ్యడం మొదలుపెట్టాడు. ఆయన భుజాలు ఎందుకు అదురుతున్నాయో నాకు తెలీలేదు. కత్తెర మొద్దుబారిందేమో అనుకున్నాను.

ఇంటికొచ్చి కుర్చీ, బల్ల, చెప్పుల స్టాండు, ఆఖరికి గోడ గడియారం కూడా వంటగదిలో పడేసి గది ఖాళీ చేశాను. పెద్దముక్క గుమ్మం పక్క మూలన మొదలుపెట్టి పరిచాను. పాత గదికి సరిగ్గా అతికినట్టు సరిపోయింది. చిన్నముక్క తీసుకెళ్ళి ఆ ఎదురుమూలన, కిటికీ పక్కన వేశాను. లేచి నిలబడి చేతులు దులుపుకున్నాను.

రెండు ముక్కలూ ఒకదాన్నొకటి మూలతో తాకుతూ కూర్చున్నాయి. వాటికి ఈ పక్కన ఇంత పొడుగు బోడినేల. ఆ పక్కన అంత వెడల్పు బోడినేల.

"నాన్నా, అక్కడెవరు వేస్తారు?" అంది అమ్మాయి.

"జరిగి ఉంటుంది. ఆగు."

పెద్దముక్కని కిటికీ వైపు లాగాను. గుమ్మం దగ్గర నేల బయటపడింది. గుమ్మం వైపు లాగాను. మళ్ళీ కిటికీ దగ్గర బయటపడింది. నట్టనడుమ వేస్తే నాలుగు వైపులా బయటపడింది. ఐమూలగా తిప్పితే గోడ మీదికి ఎక్కింది. నా కాళ్ళు నా మాట వినడం మానేశాయి. కాలుగాలిన పిల్లిలా ఆ మూల నుంచి ఈ మూలకి పరిగెత్తుతూ లాగుతున్నాను, ముడుస్తున్నాను, విప్పుతున్నాను. ఆ కంగారులో మా ఆవిడ దారపుండల డబ్బా తన్నేశాను. ఉండలన్నీ గదంతా దొర్లాయి. ఎర్ర ఉండ మీద కాలేశాను. పట్టు కోసం చెయ్యి చాపితే కిటికీకి వేలాడుతున్న కొత్త పరదా చేతికొచ్చింది. అది మాది కాదు, ఎవరికో కుట్టి, ఎలా ఉందో చూడ్డానికి తగిలించినది. పరదాతో, దాని కడ్డీతో సహా వెళ్ళి చిన్నముక్క మీద కూలబడ్డాను. మూడు బై రెండు. నేను కూర్చోవడానికి చాలింది.

పరదా తీసి చూసేసరికి అమ్మాయి నవ్వడం లేదు. నోట్సు తెరిచి పట్టుకుంది. నోట్సు చూస్తోంది, నేల చూస్తోంది, మళ్ళీ నోట్సు చూస్తోంది.

"అయితే నా లెక్కలన్నీ ఇలాగేనా నాన్నా? అన్నిట్లోనూ ఇలా మిగిలిపోయిందా?"

నేను పరదా కడ్డీ చేతిలోకి తీసుకున్నాను.

"రేపే పరీక్ష" అంది. కళ్ళల్లోంచి నీళ్ళు బొటబొటా నోట్సు మీద పడ్డాయి. ఎక్స్ స్క్వేర్ ప్లస్ పదిహేను తడిసిపోయింది.

ఒట్టు, ఆ క్షణంలో నామీద నాకు ఎంత అసహ్యమేసిందో చెప్పలేను. నేను ఓ గంటన్నర తిరగడానికి పిల్ల సముద్రాన్ని ఎండగట్టేశాను. అది నన్ను నమ్మింది. మాస్టారు చెప్పింది పక్కనపెట్టి మరీ నమ్మింది.

"తప్పు నాదే తల్లీ. నాకు రాదు" అన్నాను. ఆ రెండు ముక్కలు చెప్పడానికి నాకు శనివారం నుంచి గురువారం దాకా పట్టింది.

మా ఆవిడ గుమ్మంలోనే ఉంది. ఎప్పటినుంచి ఉందో తెలీదు. వచ్చి పిల్ల కళ్ళు తుడిచింది. పెద్దముక్కని మొదటి చోట పరిచింది. నన్ను లేపి చిన్నముక్క సరిచేసింది. గుడ్డ మీద గీతలు గీసే సుద్ద తీసి నేల మీద కూర్చుంది.

"ఇలా రా. నాన్న పరిచిన పెద్దముక్క ఎంత?"

"పది ఇంటూ ఎనిమిది."

"మూలముక్క?"

"మూడు ఇంటూ రెండు."

"మరి పదికి పక్కన ఈ రెండు లేదూ? ఆ మూడుకి పక్కన ఎనిమిది లేదూ?" అంటూ ఒక బోడినేల మీద పది ఇంటూ రెండు అనీ, రెండోదాని మీద మూడు ఇంటూ ఎనిమిది అనీ సుద్దతో రాసింది. "ఎనభై, ఇరవై, ఇరవై నాలుగు, ఆరు. కలుపు."

"నూట ముప్ఫై."

"గది మొత్తం పదమూడు బై పది. ఎంత?"

"నూట ముప్ఫై!" అంది అమ్మాయి. ఏడుపు సగంలో ఆగిపోయింది. "అందుకా అమ్మా నాలుగుసార్లు?"

"అందుకే. గది పొడవూ పెరిగి వెడల్పూ పెరిగితే మూల ఒక్కటే పెరగదు, పక్కలు కూడా పెరుగుతాయి. ఇప్పుడు ఎక్స్ ప్లస్ మూడు, ఎక్స్ ప్లస్ ఐదు గది గియ్యి."

అమ్మాయి సుద్ద లాక్కుని బోడినేల మీద గబగబా గీసింది. పెద్దముక్క ఎక్స్ స్క్వేరు. ఒక పట్టీ మూడు ఎక్స్, ఒక పట్టీ ఐదు ఎక్స్. మూల పదిహేను. "ఎక్స్ స్క్వేర్ ప్లస్ ఎనిమిది ఎక్స్ ప్లస్ పదిహేను! నాన్న ఎనిమిది ఎక్స్‌లు పరవలేదు!"

"నా వరుసల మాటేమిటి మరి? అడ్డంగా దూరడం తప్పు కదా?" అన్నాను, పరదా కడ్డీ పట్టుకునే.

"వీధిలో రెండు జంటలు ఎదురుపడ్డాయనుకోండి. మీరు ఆయన్నే పలకరించి, నేను ఆవిడనే పలకరించి ఊరుకుంటే సరిపోతుందా? మీరు ఆవిణ్ణి, నేను ఆయన్ని పలకరించొద్దూ?"

"అందుకేనా పక్కింటావిడ నన్ను చూస్తే మొహం తిప్పుకునేది?"

"అందుక్కూడా."

ఆ సాయంత్రం అమ్మాయి పాత లెక్కలన్నీ కొట్టేసి కొత్తగా చేసింది. ఒక్కటి కూడా నన్ను అడగలేదు. శుక్రవారం ఆఫీసులో నేను ఒక్క మూట కూడా సరైన అరలో పెట్టలేదు. ఇంటికొచ్చేసరికి అమ్మాయి గుమ్మంలో ఎదురొచ్చి, "అన్నిట్లోనూ నాలుగు ముక్కలూ పరిచేశాను నాన్నా" అంది. మళ్ళీ నా కాలు ఊగడం ఆగింది. ఈసారి నిమిషం పైనే.

ఆ రెండు పట్టీలూ తెచ్చి పడేద్దామని వెంటనే షాపుకి పరిగెత్తాను. మాస్టారు వచ్చే వేళవుతోంది. నేను నోరు తెరవకముందే షాపాయన బల్ల కింద నుంచి చుట్ట చుట్టి తాడు కట్టిన రెండు ముక్కలు తీసి నా చేతిలో పెట్టాడు.

"పది బై రెండు, మూడు బై ఎనిమిది. సరిపోయిందేమో చూసుకోండి సార్."

"మీకెలా తెలుసు?"

"అమ్మగారు సోమవారమే చెప్పి వెళ్ళారు. మా ఆయన వచ్చి రెండే ముక్కలు అడుగుతారు, అడిగినవే ఇవ్వండి, ఎదురు చెప్పకండి, ఈ రెండూ కోసి ఉంచండి అన్నారు. మీరు సోమవారమే వస్తారనుకున్నాం. నాలుగు రోజులు నవ్వు ఆపుకోలేక చచ్చాను సార్."

ఆ చుట్టలు చంకన పెట్టుకుని ఇంటికి నడుస్తుంటే దారి పొడుగునా చెవులు వేడెక్కుతూనే ఉన్నాయి.

"ఆదివారమే చెప్పొచ్చుగా?" అన్నాను మా ఆవిడతో.

"చెబితే వినేవారా? పిల్ల ముందు నేను కాదంటే మీరు ఇంకా పట్టుబట్టేవారు. అది ఎవరి మాట నమ్మాలో తెలీక నలిగిపోయేది. మీ చేత్తో మీరే పరిచి చూస్తే ఇద్దరికీ ఒకేసారి తెలుస్తుందనుకున్నా. మీరిలా నాలుగు రోజులు నాన్చుతారని ఎవరనుకున్నారు? ఆ గురువారం నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదు."

మా ఆవిడకి కాళ్ళూ చేతులూ ఆడకపోవడం నేను వినడం అదే మొదలు. కొంచెం తృప్తిగా అనిపించింది. ఆ తృప్తి ఎంతోసేపు నిలవలేదు, మాస్టారు వచ్చేశాడు.

వచ్చి, గుమ్మంలోనే ఆగిపోయాడు. నేలంతా సుద్ద అంకెలు. నేనింకా పట్టీలు పరవనేలేదు. ఆయన చెప్పులు విప్పి, ముక్క నుంచి ముక్కకి మెల్లగా నడిచాడు. అవునండీ, నడిచాడు. వంగి చదివాడు. చిన్నముక్క దగ్గర నిలబడి నావైపు చూసి, గట్టిగా, ఇల్లదిరిపోయేలా నవ్వాడు.

"ముప్ఫై ఏళ్ళుగా చెబుతున్నానమ్మా ఈ లెక్క. ఇంత బాగా ఎప్పుడూ చెప్పలేదు. మీకెవరు నేర్పారు?" అన్నాడు మా ఆవిడతో.

"గుడ్డ నేర్పింది మాస్టారూ."

"అయితే ఈ ఇంట్లో ఇక నా అవసరం లేదు."

నా చెవులను నేనే నమ్మలేకపోయాను. ఇంత గొడవ జరిగీ, ఇంత పరువు పోయీ, చివరికి నా పంతమే నెగ్గింది. మాస్టారు వెళ్ళిపోయాడు. రాజ్యం నాదైంది. అమ్మాయి మంచి మార్కులతో పాసైంది. సముద్రం చూసింది. గవ్వలు తెచ్చింది. నేను ఆ సెలవుల పది రోజులూ ముందుగదిలో ఇష్టమొచ్చినట్టు తిరిగాను. ఆ పట్టీలు మాత్రం పరవొద్దని మా ఆవిడ చుట్టి అటక మీద పెట్టింది. ఎందుకో అడిగితే, "ఉండనివ్వండి, తర్వాత చెప్తా" అంది.

బడులు తెరిచిన రోజు సాయంత్రం ఆరింటికి చెప్పింది. ఆఫీసు నుంచి వచ్చి చూస్తే గుమ్మం నిండా చెప్పులు. లోపల మాస్టారి దగ్గర చదివే పిల్లలు ఏడుగురు, మా అమ్మాయితో కలిపి ఎనిమిది మంది. నా కుర్చీలో మాస్టారు. నేల మీద సుద్ద పట్టుకుని మా ఆవిడ. ఆయన ఈ ఇంటికి మాస్టారిగా రావడం మానేశాడు కానీ, నేల చూపించడానికి తన పిల్లలందరినీ ఇక్కడికే తోలుకొచ్చాడన్నమాట. వారానికి ఐదు రోజులు. ఆరు నుంచి ఏడున్నర.

నేను నోరు మూసుకుని వంటగదిలోకి వెళ్ళి ఒంటికాలి మీద నిలబడ్డాను. పావుగంట గడిచిందో లేదో ముందుగదిలోంచి పిలుపు.

"ఏమండీ, ఓసారి ఇలా రండి. నాలుగు ముక్కలూ చెప్పేశాను. రెండే ముక్కలు ఎలా పరిచారో పిల్లలకి మీరే చేసి చూపించాలి. పరదా కూడా తగిలించి ఉంచాను."